తొమ్మిదడుగుల ఆరంగుళాలు

ఎల్లన్న స్టూలెక్కి టేపు కొసను సీలింగుకు ఆనించి పట్టుకున్నాడు. ఆమని కింద మోకాళ్ళ మీద కూర్చుని టేపును నేలదాకా లాగి అంకె చూసింది. మళ్ళీ చూసింది. కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకుని మూడోసారి చూసింది. ఎన్నిసార్లు చూసినా అంకె మారలేదు.

తొమ్మిదడుగుల నాలుగంగుళాలు.

సోమవారం కొలిస్తే తొమ్మిదడుగుల ఆరు. మంగళవారం ఐదు. ఇవాళ బుధవారం, నాలుగు. ఫాల్స్ సీలింగ్ పనిలో పదేళ్ళుగా ఉన్న మనిషి, గవర్నమెంటు ఆఫీసుల్లోనూ పెళ్ళి మండపాల్లోనూ సీలింగులు వేయించిన మనిషి, ఒక హాలు ఎత్తు మూడు రోజుల్లో మూడు రకాలుగా వస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఆమనికి ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు టేపు సరిగ్గా పెట్టడం లేదు ఎల్లన్నా."

"సరిగనే పెడుతున్న మేడం. కావాలంటే మీరే ఎక్కుండ్రి."

ఆమని ఎక్కింది. ఎల్లన్న కింద చదివాడు. నాలుగే.

సెంటినరీ కాలనీ క్వార్టర్లు దాటాక రామగిరి వైపు కొత్తగా లేచిన ఇళ్ళ వరసలో ఉంది ఆ ఇల్లు. ఇంటాయన పేరు బిక్షం. ముప్పై ఆరేళ్ళు బొగ్గుబావిలో టింబర్‌మన్‌గా చేశాడు. భూమి లోపల తవ్వుకుంటూ పోయే దారుల్లో పైన ఉన్న బండ కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టడం ఆయన పని. రిటైరై ఇల్లు కట్టుకున్నాడు కానీ, ఆ ఇంట్లో ఏ రంగు వెయ్యాలో, ఏ టైలు పరచాలో చెప్పేది ఆయన కూతురు యమున. యమున తొలి కాన్పుకు పుట్టింటికొచ్చింది. మొగపిల్లాడు. రేపు ఇరవై ఒకటో రోజు. రేపు పొద్దున్న పదకొండింటికి ఇదే హాల్లో, ఇదే సీలింగు నడుమ, పిల్లాణ్ణి తొట్టెలలో వేస్తారు. బంధువులందరికీ ఫోన్లు వెళ్ళాయి. ఫోటోగ్రాఫరు కూడా వస్తాడు.

ఈ సీలింగు కోసం యమున ఆమని ప్రాణం తోడేసింది. మొదట అంచుల్లో మెట్టు దిగి నడుమ పైకి పోయే ట్రే సీలింగు కావాలంది. అది సగం అయ్యాక, అంచుల వెనక దాగి వెలిగే కోవ్ లైటు కావాలంది. ఆ వైరింగు అయ్యాక, నడుమ పువ్వు ఉంటే బాగుంటుందంది. పువ్వు అతికించాక తీసెయ్యమంది. రోజూ సాయంత్రం ఆమని ఫోనుకు బొమ్మలొచ్చేవి. ఎవరివో రాజమహళ్ళు, ఎవరివో హోటళ్ళు. చివరికి ఒక బొమ్మ దగ్గర ఆగింది. తెల్లటి సీలింగు కింద అడ్డంగా రెండు ముదురు కర్ర దూలాలు.

"అసలైన పాత కట్టె కావాలె అక్కా. మా నాయిన బతుకంతా దుంగలతోనే గడిచింది గద. దావఖానకెల్లి వచ్చి చూస్తే ఖుషీ కావాలె," అంది యమున.

బిక్షం అప్పుడు కంటి ఆపరేషనుకు కరీంనగర్‌లో ఉన్నాడు. గోదావరిఖని అవతల పాత కర్రలమ్మేవాడి దగ్గర ఎల్లన్న రెండు దుంగలు పట్టుకొచ్చాడు. ఎక్కడివని అడిగితే బావివేనన్నాడు. నల్లగా, ఇనుములా గట్టిగా ఉన్నాయి. ఆమని వాటికి పాలిష్ పెట్టించి, స్లాబులో దిగేసిన బోల్టులకు బిగించి, తొట్టెల కోసం ఒకదాని నడుమ పెద్ద కొక్కెం కూడా పెట్టించింది. అయ్యాక తలెత్తి చూసుకుంటే తనకే ముచ్చటేసింది. కరీంనగర్ సేటు దగ్గర కొలువు మానేసి సొంతంగా మొదలుపెట్టాక చేసిన మొదటి పెద్ద పని అది.

అది సోమవారం. ఆ ముచ్చట అక్కడితోనే సరి.

"రోజూ నాలుగింటికి ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగు చేస్తారుగా. ఆ అదురుకు దిగుతుందేమో," అంది ఆమని. తన మాట తనకే నమ్మకంగా లేదు.

"దిగితే పగులు రావాలె గద మేడం. ఒక్క జాయింటన్న ఇచ్చుకున్నదా చూడుండ్రి."

ఇచ్చుకోలేదు. అదే ఆమనిని పిచ్చిదాన్ని చేస్తోంది. గోడకు బిగించిన స్క్రూలు ఎక్కడివక్కడే ఉన్నాయి. గోడకూ సీలింగుకూ మధ్య వెంట్రుక దూరే సందు లేదు. కానీ కిటికీ పై అంచు నుంచి సీలింగుకు సోమవారం రెండున్నర అడుగులుంటే, ఇవాళ రెండంగుళాలు తక్కువ. గోడ కుంగలేదు. నేల లేవలేదు. మరి ఆ రెండంగుళాలు ఏమైనట్టు?

ఇది చాలదన్నట్టు ఇంటాయనొకడు. బిక్షం మంగళవారం సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చాడు. హాలు గడపలో నిలబడి, నల్ల కళ్ళద్దాలు తీసి, ఒక్కసారి పైకి చూశాడు. అంతే, వెనక్కి తిరిగి వసారాలోకి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి మంచం అక్కడే, కూడు అక్కడే. నలభై ఆరు డిగ్రీల ఎండలో రేకుల వసారాలో ఉడుకుతున్నాడు కానీ లోపలికి రాడు. తను చెమటోడ్చి చేసిన పనిని మనిషి అట్లా వెలేస్తే ఎవరికి కోపం రాదు? ఆమని టేపు చుట్టేసి తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళింది.

"కాకా, నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. ఏం తప్పు చేశానో చెబితే సరిచేస్తాను."

ఆమని నాన్న భీమవరం దగ్గర్నుంచి ఎరువుల ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చిన మనిషి. ఆమని పుట్టిందీ పెరిగిందీ రామగుండంలోనే. మాట మాత్రం ఇంట్లో మాట్లాడే మాటే. కాకా, అవ్వా అని పిలవడం ఒక్కటే ఇక్కడ నేర్చుకుంది.

బిక్షం మంచం మీద లేచి కూర్చున్నాడు. "నీ పనికి వంక లేదు బిడ్డా. దుంగలు ఏడికెల్లి తెచ్చిన్రు?"

"బావివేనట."

"బాయివేనని నాకెర్కే. లోపల ఏడివో ఎర్కనా?" గొంతు తగ్గించాడు. "దాని కొసలు చూసినవా? కుంచె లెక్క చీలి, నలిగి ఉన్నయి. గొడ్డలి దెబ్బ కాదది. బరువు. బొగ్గు తీసుడు అయిపోయినంక, నిలబెట్టిన దుంగలు పీక్కుంట ఎనకకు వస్తం. పీకినంక బండ కూలుతది. గాని కొన్ని పీకం. బండ అప్పటికే దాని మీద కూసున్నదని తెలిస్తే ఆ దుంగను ముట్టం. ఆడనే ఇడిచిపెట్టి వస్తం. ఇవి గసోంటియి."

"మరి బయటికెలా వచ్చాయి?"

"గదే సమజైతలేదు. బండ కింద ఉన్న దుంగ బయటికి రాదు. ఎవ్వలు తెస్తరు?"

ఆమని తిరిగి హాల్లో దుంగల వైపు చూసింది.

"బరువెత్తిన దుంగను నిలబెట్టే ఉంచాలె. మీరు దాన్ని పండబెట్టిన్రు. అది మోసిన బండ దాన్ని ఎతుక్కుంట వస్తది. దిగుతున్నది గద?"

ఎత్తు తగ్గుతున్న సంగతి ఆమని ఎల్లన్నతో తప్ప ఎవరితోనూ అనలేదు. అయినా పైకి మాత్రం, "పైన కాంక్రీటు స్లాబుంది కాకా. మీరే దగ్గరుండి పోయించారు," అంది.

"ఉన్నదా?" అన్నాడు బిక్షం. "చూసినవా?"

ఇదెక్కడి గోల అనుకుంటూ ఆమని లోపలికొచ్చింది. చూస్తే పోయేదేముంది? హాలు మూలలో, వైర్లు పాడైతే చూసుకోవడానికి సీలింగులో చిన్న తలుపు పెట్టించింది. మనిషి తలా భుజాలూ పట్టేంత. నిచ్చెన వేసుకుని ఎక్కి, తలుపు పైకి తోసింది.

ముఖానికి చల్లగాలి తగిలింది.

బయట వడగాడ్పు. స్లాబు కింద, సీలింగు పైన ఉన్న ఆ అడుగు జాగా పొయ్యిలా ఉండాలి. మే నెలలో అక్కడికి చెయ్యి పెడితే కాలుతుంది. కానీ వస్తున్నది తడి గాలి. ఎన్నాళ్ళుగానో నిలిచిన నీటి వాసన, నానిన కర్ర వాసన, వాటి అడుగున పేలుడు మందు కాలిన వాసన. ఆమని తల లోపలికి పెట్టింది. ఫోను టార్చి వెలిగించింది.

స్లాబు లేదు.

తెల్లటి సున్నం పూసిన కాంక్రీటు ఉండాల్సిన చోట నల్లటి బండ ఉంది. తడిగా మెరుస్తోంది. సీలింగు వేలాడడానికి తను బిగించిన తీగలన్నీ తిన్నగా ఆ బండలోకే పోతున్నాయి. టార్చి అటూ ఇటూ తిప్పింది. గోడలుండాల్సిన చోట గోడలు కనపడలేదు. వెలుగు పోయినంత దూరం బండే. ఆ తర్వాత చీకటి.

టిక్... అని ఏదో రాలింది. జిప్సం బోర్డు మీద పడి దొర్లింది.

టిక్... టిక్...

ఆమని టార్చి అటు తిప్పింది. దిగిపోవాలని ఉంది. చీకట్లో, చాలా లోపల, ఎవరో కదిలినట్టయింది. బోర్లా పాకుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ... ఇంకొంచెం దగ్గరగా...

"దుంగ ఏమాయె?"

గుసగుస. కోపం లేదు అందులో. షిఫ్టు చివర అలిసిపోయిన మనిషి పక్కవాణ్ణి అడిగినట్టుంది.

"దుంగ ఏమాయె అన్నా..."

నిచ్చెన మీంచి ఎట్లా దిగిందో ఆమనికి తెలియదు. దిగి గోడకు ఆనుకుని నిలబడింది. ఎల్లన్న ఆమె ముఖం చూసి నిచ్చెనెక్కాడు. తల లోపల పెట్టి నిమిషం సేపు చూశాడు. దిగాడు.

"ఏమున్నది మేడం? స్లాబే. వైర్లే."

"చల్లగా లేదూ?"

"చల్లగనా? చెవులు కాలుతున్నయ్."

తనకు పిచ్చెక్కిందా అనుకుంది ఆమని. అట్లా అనుకోవడమే కొంత నయమనిపించింది. కానీ ఎల్లన్న పక్కకు తిరిగినప్పుడు అతని చొక్కా భుజం మీద నల్లటి రాతి పొడి కనిపించింది. వేలితో తీసి చూసింది. తడిగా ఉంది.

ఇక ఆమని ఆగలేదు. "దుంగలు తీసేద్దాం. ఇప్పుడే."

బాలింత మంచం మీంచి యమున లేచొచ్చింది. "ఏమంటున్నవక్కా? రేపే తొట్టెల. అందరికీ ఫోటోలు గూడ పంపిన."

"తొట్టెల పడగ్గదిలో కట్టుకోండి యమునా. నా మాట విను. ఈ సీలింగు కింద పిల్లాణ్ణి పడుకోబెట్టొద్దు."

"నువ్వే కట్టి నువ్వే వద్దంటున్నవా? ఎందుకని?"

ఏమని చెబుతుంది? పైన బండ ఉందని చెబుతుందా? ఆ బండ కింద ఎవరో దుంగను అడుగుతున్నారని చెబుతుందా? యమున కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా నాయిన తీర్గనే మాట్లాడుతున్నవ్. ఆయనేమో ఇంట్ల అడుగు పెట్టడు, నువ్వేమో కూలగొడతనంటవ్. నా కొడుకు పండుగ మీ అందరికీ ఆటలెక్క ఉన్నది."

యమున తల్లి మల్లక్క మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చి కూతుర్ని ఊరుకోబెట్టింది. "బాయి పోయినా ఆయనకు బాయి బుగులు పోలే. కప్పు కింద కూసుంటే ముందుగాల పైకి చూస్తడు. ఇరవై ఏండ్ల కింద క్వార్టర్ల గూడ గంతే. నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. నీ పని మంచిగున్నది."

మంచిగున్నదట. ఆమనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదేళ్ళుగా ఎవరైనా ఆ మాట అంటే పొంగిపోయింది. ఇవాళ ఎవరైనా ఒక్కరు బాగా లేదు తీసెయ్యి అంటే చాలని ఉంది. యమున గదిలోకి వెళ్ళగానే ఎల్లన్నకు సైగ చేసింది. ముందు తీసేసి తర్వాత తిట్లు తిందామని.

ఎల్లన్న స్పానరుతో బోల్టులు విప్పాడు. ఒక్కో దుంగకు నాలుగు. ఎనిమిదీ విప్పాడు. విప్పి దుంగ కింద చేతులు పెట్టి కాచుకున్నాడు. దుంగ రాలేదు. కిందికి లాగాడు. రాలేదు. రెండు చేతులతో పట్టుకుని వేళ్ళాడాడు. డెబ్బై కిలోల మనిషి గాల్లో ఊగుతున్నాడు కానీ, ఏ బోల్టూ లేని దుంగ ఇసుమంత కూడా కదల్లేదు.

అతను మెల్లగా నేల మీదికి దిగాడు. జేబులోంచి ఎనిమిది బోల్టులూ తీసి ఆమని చేతిలో పెట్టాడు.

"రేపు నేను రాను మేడం," అన్నాడు. పనిముట్లు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆమని వసారాలోకి వచ్చేసరికి బిక్షం చెప్పులు తొడుక్కుంటున్నాడు. "ఒక్కటే ఉపాయం. నడుమ దుంగ నిలబెట్టాలె. పచ్చిది, కొత్తది. సాల కట్టె దొరికితే మంచిది. మంథని దిక్కు పోయి తెస్త," అన్నాడు.

"హాలు మధ్యలోనా? యమున ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకోకుంటే మానె. నేను వచ్చేదాక పిల్లగాన్ని పండబెట్టనియ్యకు. నీకు చెప్పిపోతున్న."

చెప్పడం తేలికే. మర్నాడు పదింటికి ఆమని వచ్చేసరికి ఇల్లంతా చుట్టాలే. బిక్షం ఇంకా రాలేదు. హాల్లో కుర్చీలు, పూల దండలు, ఫోటోల కోసం కిటికీలకు కట్టిన పట్టు పరదాలు. కొక్కేనికి తొట్టెల కట్టేశారు. నడుమెత్తున వేళ్ళాడుతోంది. ఆమని సంచీలోంచి టేపు తీస్తే ఎవరో పెద్దావిడ విసుక్కుంది. లెక్కచెయ్యకుండా కుర్చీ ఎక్కి కొలిచింది. తొమ్మిదడుగుల ఒక అంగుళం.

యమున దగ్గరికి వెళ్ళింది. "ఒక్క గంట ఆగండి. మీ నాన్న వచ్చేదాకా."

"ముహూర్తం ఆగుతదా అక్కా? మనుమని పండుగ నాడు ఊరు పట్టుకొని తిరుగుతుండు. ఆయన కోసం నేను ఆగాల్నా?"

మల్లక్కను బతిమాలింది. మల్లక్క భుజం తట్టి బువ్వ తిని పొమ్మంది. ఫోటోగ్రాఫరుతో అంటే, లైటు బాగుంది మేడం, ఇక్కడే తీద్దాం అన్నాడు. ఎవరికి చెప్పినా మాట గోడకు కొట్టిన బంతే అయింది. ఆమనికి దుఃఖం ముంచుకొచ్చింది. ఇంత మంది ఉన్నారు, ఒక్కరు తలెత్తి చూడరేం?

పదకొండింటికి పిల్లాణ్ణి తొట్టెలలో వేశారు. ఆడవాళ్ళు చుట్టూ చేరి పాట ఎత్తుకున్నారు.

కరెంటు పోయింది. ఏసీ ఆగింది. కోవ్ లైట్లు ఆరిపోయాయి. పరదాలు దించిన హాలు మసక మసకగా అయిపోయింది. ఎండాకాలం కరెంటు పోవడం కొత్తేమీ కాదు గనక పాట ఆగలేదు.

"చల్లగనే ఉన్నది," అంది ఎవరో. "కొత్త ఇల్లు గద."

చల్లగానే ఉంది. తడి వాసన కూడా వస్తోంది. ఆమని తొట్టెల మీంచి చూపు తిప్పలేదు. నడుమెత్తున ఉన్న తొట్టెల... పాట రెండో చరణానికి తొడల దగ్గరికొచ్చింది. ఊపుతున్న ఆడవాళ్ళు కొంచెం వంగారు. వంగామని వాళ్ళకు తెలియదు.

టిక్... అని పైన ఏదో రాలింది.

మూడో చరణం. తొట్టెల మోకాళ్ళ దగ్గర ఉంది. "తాడు సాగుతున్నట్టున్నది," అని ఒకామె నవ్వింది. తాడు సాగలేదు. ఆమని పైకి చూసింది. మసకలో తెల్లటి సీలింగు... ఎంత దగ్గరగా ఉందంటే... కుర్చీ ఎక్కక్కర్లేదు. చెయ్యెత్తితే అందుతుంది.

టిక్... టిక్... టిక్...

తొట్టెల అడుగు నేలకు రాసుకుంది. సర్రుమని చప్పుడు. పాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, తల మీద జానెడు ఎత్తున, బోర్డుకు అవతల, ఎవరో బోర్లా పాకుతున్న చప్పుడు అందరికీ వినిపించింది. నవ్వినామె నోటి మీద చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"బయటికి పోండి," అంది ఆమని. వంగి, దుంగ తన వీపుకు తగులుతుంటే, తొట్టెలలోంచి పిల్లాణ్ణి రెండు చేతులా తీసుకుంది. మూడు కిలోల పిల్లాడు, పూల చెండులా వచ్చేశాడు. వాణ్ణి మల్లక్క చేతుల్లో పెట్టి తోసింది. కుర్చీలు పడిపోయాయి. ఎవరి కాలో ఎవరో తొక్కారు. అందరూ తలుపు వైపు తోసుకున్నారు.

ఆ తోపులాటకు ఎదురొస్తూ బిక్షం లోపలికొచ్చాడు. భుజాన పచ్చి దుంగ, నడుంలో సుత్తె. హాలు నడిమికి వంగి నడిచి, దుంగను నేలకానించి నిలబెట్టాడు. ఆమని పరుగెత్తి పట్టుకుంది. దుంగ పొడవు ఆరడుగులు.

"తొమ్మిది కదా కాకా కావాల్సింది?"

"నేను వచ్చేసరికి ఆరే ఉంటదని ఎర్కే," అన్నాడు. ఏటవాలుగా ఉన్న దుంగను నిట్టనిలువు చేశాడు. దాని తలకూ సీలింగుకూ మధ్య చెక్క చీలిక దూర్చి సుత్తెతో కొట్టాడు. ఒకటి... రెండు... మూడు...

చప్పుడు ఆగింది. రాలడం ఆగింది. చల్లదనం పోయి వేడి ఒక్కసారిగా ముఖానికి కొట్టింది.

కరెంటొచ్చింది.

కోవ్ లైట్లు వెలిగాయి. తెల్లటి సీలింగు ఎక్కడో పైన నిగనిగలాడుతోంది. ఆమని కళ్ళు నులుముకుంది. కుర్చీ ఎక్కి టేపు పెట్టింది. తొమ్మిదడుగుల ఆరంగుళాలు. సోమవారం ఎంతో అంత. హాలు నడుమ బిక్షం తెచ్చిన దుంగ ఒంటరిగా నిలబడి ఉంది. దాని తలకూ సీలింగుకూ మధ్య మూడున్నర అడుగుల ఖాళీ.

బయటి నుంచి ఒక్కొక్కరే తొంగి చూశారు. ఎవరో ముసిముసిగా నవ్వారు. కరెంటు పోతే ఇంత గత్తరా అన్నారు. తాడు ముడి జారిందన్నారు. పైన ఎలుకలు తిరుగుతున్నాయన్నారు. పది నిమిషాల్లో అందరూ వసారాలో బంతి భోజనాలకు కూర్చున్నారు. తోపులాటలో ఎవరికీ గోరంత దెబ్బ కూడా తగల్లేదు. ఆమనికి మూడు రోజుల తర్వాత మొదటిసారి గుండె నిండా ఊపిరాడింది. ఆ సంతోషంలో బిక్షం చేతులు పట్టుకుంది.

"అయిపోయింది కాకా. పైకి పోయింది."

బిక్షం నవ్వలేదు. దుంగ తల మీద చెక్క చీలికను రెండు వేళ్ళతో తీశాడు. ఊడి చేతిలోకొచ్చింది. దుంగను అరచేత్తో తట్టాడు. అది ఊగి పక్కకు ఒరగబోతే పట్టుకుని నేల మీద పడుకోబెట్టాడు.

"ముప్పై ఆరేండ్లల బండ దిగుడు చూసిన. ఎనకకు పోవుడు చూడలే," అన్నాడు మెల్లగా. "ఈ దుంగ మీద బరువు పడలే బిడ్డా. పైన లేదు. దీని మీద లేదు. మరి ఏడ వోయింది?"

పడగ్గదిలోంచి యమున పిలిచింది. గట్టిగా కాదు.

"అవ్వా... ఒక్కసారి ఇటు రా."

మల్లక్క విస్తరి దగ్గర్నుంచి లేచి వెళ్ళింది. ఆమని ఆమె వెనకే నడిచింది. ఆ గదిలో సీలింగు పని ఏమీ లేదు, సున్నం వేసిన మామూలు స్లాబు. మంచం నిండా చీరలూ కానుకలూ ఉంటే పిల్లాణ్ణి కింద చాప మీద వేశారు. యమున వాడి పక్కన మోకాళ్ళ మీద ఉంది. రెండు చేతులూ వాడి కింద పెట్టి ఉంది. ముఖం చెమటతో తడిసిపోయింది.

"పాలిద్దామని ఎత్తుతున్న అవ్వా. వస్తలేడు."

"పచ్చి బాలింతవు, నీరసమది. జరుగు." మల్లక్క వంగి మనవణ్ణి పట్టుకుంది. పైకి లేపబోయింది. గాజులు చేతికి ఒత్తుకున్నాయి. ఇంకోసారి లేపబోయింది. తర్వాత వెనక్కి జరిగి, కూతురి ముఖం చూసింది.

ఆమని కూర్చుంది. వేళ్ళు వాడి వీపు కిందికి పోనిచ్చింది. మెత్తగా, వెచ్చగా ఉంది. పిల్లాడు ఏడవడం లేదు. కళ్ళు విప్పుకుని, రెప్ప వెయ్యకుండా స్లాబు కేసి చూస్తున్నాడు. వాడి చెయ్యి చాప మీద పక్కకు చాపి ఉంది. ఆ పిడికిలి కింద చాప ఈనెలు ఒక్కొక్కటిగా విరుగుతున్నాయి.

ఆమని వేళ్ళు వెనక్కి లాక్కోబోయింది. రాలేదు. చాప అడుగున కొత్త టైలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సన్నగా పగిలిన చప్పుడు వినిపించింది.

పిల్లాడు ఆవులించాడు.